ఓట్స్ మూట స్నానం: నెలలు నిండే రోజుల్లో వచ్చిన దురదకి ఏడు వారాలు వాడాక

ముప్పై నాలుగో వారంలో మొదలైంది నాకు. పొట్ట కింది భాగంలో, చర్మం సాగి పడిన ఎర్ర చారల మీద చిన్న చిన్న పొక్కులు లేచాయి. చెమటకాయలు అనుకున్నాను. కాన్పుకి తెనాలిలో పుట్టింటికి వచ్చి ఉన్నాను, పైగా మే నెల. నాలుగు రోజుల్లో ఆ పొక్కులన్నీ కలిసిపోయి దద్దుర్లయ్యాయి, తొడలకీ చేతులకీ పాకాయి. బొడ్డు చుట్టూ మాత్రం వేలెడు మేర చర్మం మామూలుగా ఉండిపోయింది. గోళ్ళతో గోకితే రక్తం వస్తోందని రాత్రి ఒంటిగంటకి లేచి దువ్వెనతో గోక్కునేదాన్ని. మొదటి కాన్పు, నిద్ర లేదు, దానికి తోడు కడుపులో బిడ్డకి ఏమైనా అవుతుందేమోనన్న టెన్షన్.

మొదట చూపించుకున్న చోట "వేడి చేసిందమ్మా, కాన్పయితే తగ్గిపోతుంది" అని పంపించేశారు. పొట్ట మీద బట్ట తీసి చూడను కూడా లేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. వారం తర్వాత ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, ఆవిడ దద్దుర్లు చూడకముందే అడిగిన ప్రశ్న: "అరచేతులు, అరికాళ్ళు దురద పెడుతున్నాయా?" లేదన్నాను. అయినా రక్తం తీయించి లివర్ టెస్టు, బైల్ యాసిడ్స్ టెస్టు చేయించారు.

ఎందుకో కూడా విడమర్చి చెప్పారు. ఒంటి మీద దద్దుర్లేమీ లేకుండా, ముఖ్యంగా అరచేతులూ అరికాళ్ళూ రాత్రిపూట విపరీతంగా దురద పెడితే అది చర్మం జబ్బు కాకపోవచ్చు. కాలేయం నుంచి పైత్యరసం సరిగా పారక, దాని ఆమ్లాలు (బైల్ యాసిడ్స్ అంటే ఇవే) రక్తంలో పెరిగిపోతే అలా వస్తుంది. అవి బాగా పెరిగితే కడుపులో బిడ్డ ప్రాణానికే ముప్పు. దానికి ఏ స్నానమూ ఏ నూనే పనికిరాదు. నాకు వచ్చింది అది కాదు. చారల మీద మొదలై బొడ్డుని వదిలేసే ఈ రకాన్ని డాక్టర్లు పీయూపీపీపీ అంటారట. ఎక్కువగా మొదటి కాన్పులో, చివరి వారాల్లో వస్తుంది, కవలలుంటే ఇంకా ఎక్కువ. బిడ్డకి హాని లేదు. ఆ మాట విన్నాక సగం దురద పోయినట్టనిపించింది. అందుకే ఈ చిట్కా ఎవరు అడిగినా, ముందు టెస్టు చేయించుకున్నారా అని అడుగుతాను.

ఇక ఇంటి వైద్యం. అమ్మ మొదట వేపాకు నీళ్ళు పోసింది. అమ్మవారు పోసినప్పుడు పోసేవే కదా, మంచిదేనని. మొదటి రోజు హాయిగానే ఉంది. మూడో రోజుకి చర్మం బిర్రబిగిసి, మంట పుట్టింది. అత్తయ్య ఫోన్ చేసి నాలుగు వేపచిగుళ్ళు నమలమన్నారు కానీ, గర్భంతో ఉండగా వేప లోపలికి తీసుకోవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు, మానేశాను. పసుపు రాస్తే ఎండిపోయి ఇంకా లాగేసింది. సున్నిపిండి సంగతి చెప్పక్కర్లేదు, ఆ రుద్దుడుకే దద్దుర్లు రేగిపోయాయి. అమెరికాలో ఉన్న మా పిన్ని కూతురు, అక్కడి తల్లులు వాడే పైన్ తారు సబ్బు (పైన్ చెట్టు కట్టె నుంచి తీసిన తారుతో చేసేది) పంపిస్తానంది. తనకి పనిచేసిందట, కాల్చిన కట్టెల వాసన వస్తుందట. అది వచ్చేలోపు నేను ఓట్స్ దగ్గర ఆగిపోయాను.

అమెరికాలో అయితే ఓట్స్ పిండి కలిపిన నీళ్ళతో తొట్టి నింపి అందులో కూర్చుంటారు. మనకి బకెట్టూ చెంబూ. అందుకని నేను చేసిన పద్ధతి ఇది. మసాలా, తీపి ఏమీ కలపని మామూలు ఓట్స్‌ని మిక్సీలో పొడిగా, మైదాలా అయ్యేదాకా పట్టాలి. ఒక చెంచా పిండి గ్లాసుడు నీళ్ళలో కలిపి చూడండి. నీళ్ళు పాలలా తెల్లబడి, వెంటనే అడుగున పేరుకోకుండా ఉంటే సరిపోయినట్టు. పేరుకుంటే ఇంకోసారి తిప్పాలి. నాన్న పాత పంచె ముక్కలో అరకప్పు పిండి మూట కట్టి బకెట్టులో వేసి ఐదు నిమిషాలు పిసికేదాన్ని. నీళ్ళు పలచని మజ్జిగలా అవుతాయి, మూట గంజిలో ముంచినట్టు జారుతుంటుంది. ఆ మూటనే దద్దుర్ల మీద అద్దాలి, రుద్దకూడదు. పది పదిహేను నిమిషాలు అలా తడుపుతూ కూర్చుని, చివర ఒక చెంబు మామూలు నీళ్ళు పోసుకుని, పాత నూలు చీరతో ఒత్తుకోవాలి.

వేడి నీళ్ళు వద్దే వద్దు, దురద రెట్టింపవుతుంది. మే నెలలో మా ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నానికే కాగిపోయేవి కాబట్టి తెల్లవారుజామునే బకెట్టు పట్టి పెట్టుకునేదాన్ని.

ఒళ్ళు ఇంకా కాస్త తడిగా ఉండగానే కొబ్బరినూనె. దాన్ని ఫ్రిజ్‌లో పెడితే వెన్నలా గడ్డకడుతుంది. చెంచాతో తీసి పొట్ట మీద పెడితే, కరుగుతున్నంతసేపూ ఆ చల్లదనం... నా ఏడు వారాల్లో అంతకంటే సుఖమైన క్షణం లేదు.

దద్దుర్లు దీంతో మాయం కాలేదు. ఎరుపు కొంచెం తగ్గింది, అంతే. కానీ రాత్రి పదింటికి స్నానం చేస్తే రెండు దాకా నిద్రపట్టేది. అంతకుముందు గంట కూడా పట్టేది కాదు. డాక్టరమ్మ రాసిన తేలికపాటి స్టెరాయిడ్ క్రీము మొదట భయపడి పక్కన పెట్టాను, అది నా తప్పే. ముప్పై ఆరో వారంలో రాయడం మొదలుపెట్టాకే కొత్త దద్దుర్లు రావడం తగ్గింది. ఓట్స్‌కి ఉన్న పేరు వట్టిది కాదు, 2003లో అమెరికాలో మందుల్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ కూడా సన్నగా పట్టిన ఓట్స్ పిండిని చర్మానికి రక్షణగా పనిచేసే పదార్థాల్లో చేర్చింది. కానీ ఉపశమనం వరకే.

ఇబ్బందులూ ఉన్నాయి. బాత్రూమ్ నేల జారుడుబల్లలా తయారవుతుంది. నిండు నెలలతో పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నేను ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చునే చేశాను, తలుపు గడియ పెట్టలేదు, అమ్మ బయటే ఉండేది. అయిపోగానే వేడి నీళ్ళతో నేల కడిగేసేది. వాడిన మూట సాయంత్రానికి పులిసి కంపు కొడుతుంది, ఏ పూటకి ఆ పూట పిండి పారేయాల్సిందే. మూట లేకుండా పిండి నేరుగా కలిపితే కాలువ పూడుకుంటుంది. ఓట్స్ పడని వాళ్ళుంటారు, ముందు మోచేతి లోపల కొంచెం రాసి ఒక రోజు చూడండి. ఖర్చు పెద్దగా లేదు, కిలో ప్యాకెట్టు నాకు రెండు వారాల పైనే వచ్చింది.

కాన్పయిన పద్దెనిమిదో రోజుకి తొడల మీదవి కూడా మానిపోయాయి. మచ్చలు ఇంకో నెల ఉన్నాయి.

రెండో కాన్పుకి ఓట్స్ ముందే పట్టించి డబ్బాలో పోసి ఉంచాను. ఈ దద్దుర్లు మళ్ళీ రావడం తక్కువని చెప్పారు, నాకూ రాలేదు. కానీ ముప్పయ్యో వారంలో ఒక రాత్రి అరచేతులు దురద పెట్టాయి, దద్దురంటూ ఒక్కటీ లేదు. డబ్బా ముట్టుకోలేదు. పొద్దున్నే డాక్టరమ్మకి ఫోన్ చేసి ల్యాబ్‌కి వెళ్ళి రక్తం ఇచ్చి వచ్చాను. రిపోర్టు నార్మల్‌గానే వచ్చింది. వారం తర్వాత ఆవిడ ఇంకోసారి చేయించారు, అదీ నార్మలే.