ప్రత్యక్ష సాక్షికి కళ్ళు లేవు: ‘అంధాధున్’ మళ్ళీ చూశాక

ముందే చెప్పేస్తున్నా. ‘అంధాధున్’ అనే ఈ హిందీ సినిమా ఇంకా చూడనివాళ్ళు ఇక్కడే ఆగి, చూసి రండి. 2 గంటల 19 నిమిషాలు. 2018 అక్టోబర్‌లో వచ్చిన సినిమాకి ఇప్పుడు కథ దాచిపెట్టి రాయడం నా వల్ల కాదు. పైగా నాకు చెప్పాలనున్నదంతా ఆఖరి పది నిమిషాల గురించే.

నేను గుంటూరు కోర్టుల్లో స్టెనోగా పనిచేసి రిటైరయ్యాను. బోనులో సాక్షి చెప్తాడు, జడ్జిగారు దాన్ని ఇంగ్లీషులో డిక్టేట్ చేస్తారు, నేను టైపు కొడతాను. ఉద్యోగమంతా అదే పని. కాబట్టి ఎవరైనా ఒక కథ మొదలుపెట్టి ‘అప్పుడేం జరిగిందంటే’ అన్నారంటే నాకు ఆటోమేటిగ్గా చెవులు నిక్కబొడుచుకుంటాయి. నిజమా అబద్ధమా అని కాదు. ఇది వీడు చూసి చెప్తున్నాడా, విని చెప్తున్నాడా, రాత్రి కూర్చుని అల్లుకొచ్చాడా అని.

కథ క్లుప్తంగా. పుణెలో ఆకాశ్ అనే పియానో కళాకారుడు (ఆయుష్మాన్ ఖురానా). చూపుంది, కానీ గుడ్డివాడిలా నటిస్తుంటాడు. ఎందుకయ్యా అంటే సంగీతం మీద ఏకాగ్రత కోసమట. ప్రమోద్ సిన్హా అనే డెబ్భైల నాటి సినిమా హీరో పెళ్ళిరోజుకి భార్యని ఆశ్చర్యపరుద్దామని ఇతన్ని ఇంటికొచ్చి వాయించమంటాడు. ఆ పాత్ర వేసింది అనిల్ ధావన్, నిజంగానే ఆ కాలం హీరో. ఇంట్లో ఆయన తన పాత పాటలు తానే చూసుకుని మురిసిపోతుంటే జాలేసింది. ఆకాశ్ వెళ్ళేసరికి ప్రమోద్ నేల మీద శవమై పడున్నాడు. బాత్రూమ్‌లో భార్య ప్రియుడు దాక్కుని ఉన్నాడు. భార్య సిమి, అంటే టబు. హైదరాబాదు అమ్మాయి, ‘నిన్నే పెళ్ళాడతా’లో మన పండు. ఇక్కడ ఆవిడ ముఖం చూస్తే ఆ పండు ఎక్కడా గుర్తుకు రాదు, అదే ఆవిడ గొప్ప.

ఆ పియానో సీను గురించి అందరూ రాశారు, నేనూ రాస్తాను. ఆకాశ్ వాయిస్తుంటాడు. వెనక సిమి రక్తం తుడుస్తుంటుంది, ప్రియుడు శవాన్ని సూట్‌కేసులో కుక్కుతుంటాడు. ఇద్దరూ నోరు మెదపరు, అంతా సైగలే. ఈ గుడ్డివాడికి వినిపిస్తుందని వాళ్ళ భయం. ఆకాశ్‌కేమో అంతా కనిపిస్తోంది. అతని చెయ్యి ఎక్కడా తడబడకూడదు. నేను ఆ ముఖం మీద కనురెప్పలు చూస్తూ కూర్చున్నాను. హత్య చూసిన మనిషి ఎంత టెన్షన్‌లో ఉండాలి! ఈయన వాయిద్యం మాత్రం ఇంకా బాగుంటుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

తర్వాత ఫిర్యాదు ఇద్దామని పోలీస్ స్టేషన్‌కి వెళ్తే అక్కడున్న ఇన్‌స్పెక్టరే ఆ ప్రియుడు. ఆకాశ్ వెంటనే నాలుక మడతేసి, తన పిల్లిని ఎవరో చంపేశారని కంప్లయింట్ ఇస్తాడు. నేను పగలబడి నవ్వాను. మా మేజిస్ట్రేట్ కోర్టులో ఇంతకంటే వింత స్టేట్‌మెంట్లు చూశాం గానీ, ఇంత వేగంగా మార్చినవాడు లేడు. ఆ తర్వాత సిమికి వీడి నాటకం తెలిసిపోయి, ప్రసాదంలో ఏదో కలిపి పెట్టి నిజంగానే చూపు పోగొడుతుంది. అక్కణ్ణించి కిడ్నీల బేరగాళ్ళు, లాటరీ టికెట్లమ్మే ఆవిడ, ఆటో డ్రైవరు, డాక్టర్ స్వామి, బ్లాక్‌మెయిలు. ఈ భాగం కొంచెం గజిబిజిగా పరిగెడుతుంది. అన్ని మోసాలూ ఒకదాని మీద ఒకటి పడి, ఎవరు ఎవర్ని ముంచుతున్నారో అన్న పట్టింపు ఒక దశలో నాకు పోయింది.

ఇక అసలు చోటు. డాక్టర్ స్వామి కారు నడుపుతున్నాడు. పక్క సీట్లో చూపులేని ఆకాశ్. డిక్కీలో కట్టిపడేసిన సిమి. ఆవిడ కాలేయానికి దుబాయ్‌లో గిరాకీ ఉందని, ఆవిడ కార్నియాలు (కంటి పైపొరలు) నీకు పెడతానని డాక్టరు ఆశ చూపుతాడు. కట్ చేస్తే రెండేళ్ళ తర్వాత, యూరప్‌లో. ఆకాశ్ కచేరీ ఇస్తున్నాడు, చేతిలో కర్ర, కళ్ళకి నల్లద్దాలు. పాత ప్రియురాలు సోఫీ (రాధికా ఆప్టే) ఎదురవుతుంది. మిగతా కథ కాఫీ తాగుతూ ఆమెకి ఇతనే చెప్తాడు. తాను ఆ బేరానికి ఒప్పుకోలేదట, సిమిని వదిలేయమని బతిమాలాడట. ఆవిడ డాక్టర్ని చంపి స్టీరింగ్ పట్టిందట. ఇతన్ని దింపేసి, మళ్ళీ గుద్దడానికి వెనక్కి తిరిగిందట. అంతలో వేటగాడు కుందేలుని కాల్చబోతే, ఆ ఒంటికన్ను కుందేలు ఎగిరి కారు అద్దం మీద పడిందట. కారు బోల్తా, సిమి పోయింది. సోఫీ జాలిపడి వెళ్ళాక, ఆకాశ్ దారిలో పడున్న డబ్బాని కర్రతో గురిచూసి కొడతాడు. కర్ర పిడి కుందేలు తల. సినిమా అయిపోయింది.

మా చెల్లెలి కొడుకు నా పక్కన కూర్చుని చూశాడు. డబ్బా ఎగరగానే, ‘పెద్దమ్మా, వాడికి కనిపిస్తోంది. అంతే, కేసు క్లోజ్’ అన్నాడు. వాడి తరం వాళ్ళందరూ అక్కడే ఆగిపోతారు. నాకు ఆ డబ్బా అక్కర్లేకుండానే అనుమానం వచ్చింది.

క్రిమినల్ కేసుల్లో సాక్ష్యం అంతా అయ్యాక జడ్జిగారు ముద్దాయిని నిలబెట్టి, నీమీద వాళ్ళిలా చెప్పారు, నువ్వేమంటావ్ అని అడుగుతారు. మేం దాన్ని ‘త్రీ థర్టీన్’ అనేవాళ్ళం, పాత సీఆర్‌పీసీ (నేర విచారణ పద్ధతుల చట్టం) 313వ సెక్షన్. దానికి ప్రమాణం చేయించరు. అబద్ధం చెప్పినా అందుకు శిక్ష లేదు. అందుకని ఆ పేజీలు టైపు కొట్టేటప్పుడు మా గుమాస్తాలకి మంచి కాలక్షేపం. ఆకాశ్ సోఫీకి చెప్పింది అచ్చంగా త్రీ థర్టీనే. పాపం సోఫీ ఒక్క క్రాస్ ప్రశ్న కూడా వెయ్యలేదు. మా కోర్టులో రెండేళ్ళు ప్రాక్టీసు చేసిన జూనియర్ లాయరుకి అప్పగించినా నాలుగు అడిగుండేవాడు.

నీకు చూపు లేదు. డిక్కీ దగ్గర డాక్టర్‌కీ సిమికీ మధ్య ఏం జరిగిందో ఎలా తెలిసింది? మళ్ళీ బండి కదిలినప్పుడు డాక్టరే నడుపుతున్నాడనుకున్నానని నువ్వే అంటున్నావు కదా. తుపాకీ చప్పుడు విన్నావు, సరే. దేన్ని కాల్చాడో, ఆ జంతువు ఎగిరి ఎక్కడ పడిందో చూసిందెవరు? క్యాబేజీ తోటల మధ్య నడిరోడ్డు మీద ఒక్కడివే ఉన్న గుడ్డివాడివి, ఊళ్ళోకి ఎలా చేరావు? పోలీసులకి ఏం చెప్పావు? పిల్లి చనిపోయిందనా?

ఇంకొకటి. ముగ్గురు కలిసి బయల్దేరారు, తిరిగొచ్చింది ఒక్కడు. చివరిసారి కలిసి కనిపించారనే సిద్ధాంతం మీద ఎన్ని కేసులు నడిచాయో నాకు తెలుసు. తనకి మాత్రమే తెలిసిన సంగతిని తానే వివరించాలని పాత సాక్ష్య చట్టంలో 106వ సెక్షన్ ఉండేది. ఆకాశ్ వివరణలో చూడండి, డాక్టర్ని చంపింది సిమి, సిమిని చంపింది కుందేలు. తన చేతికి మట్టి కూడా అంటలేదు. ఇంత శుభ్రంగా ఉన్న వాంగ్మూలం చూస్తే మా పాత జడ్జిగారొకరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేవారు. అంతే, ఆ లాయరుకి చెమటలు పట్టేవి.

అయితే మొత్తం కట్టుకథ అనడానికీ వీల్లేదు. ఒకటి అబద్ధమైతే అన్నీ అబద్ధమే అనే సూత్రాన్ని మన కోర్టులు ఒప్పుకోవు, పొట్టు చెరిగి గింజ ఏరుకోమంటాయి. ఇక్కడ గింజ ఏమిటంటే, సినిమా మొదట్లోనే, ఆకాశ్ నోరు విప్పకముందే, ఆ కుందేలునీ వేటగాడినీ దర్శకుడు శ్రీరామ్ రాఘవన్ మనకి చూపించేశాడు. అంటే కుందేలు ఉంది, తుపాకీ ఉంది. కారులో ఎవరున్నారు, ఏ స్థితిలో ఉన్నారు అన్నది మాత్రం అక్కడ చూపించలేదు. మంచి అబద్ధం చెప్పేవాడు ఎప్పుడూ నిజంగా జరిగిన ఒక ముక్కని మధ్యలో పెట్టుకుని చుట్టూ అల్లుతాడు. మా వాడు దీనికి ఒప్పుకోలేదు. ‘అదంతా వాడి ఊహే, కుందేలు కూడా’ అంటాడు. ఆ వాదన ఇంకా తెగలేదు.

సరే, చూపు వచ్చిందనే అనుకుందాం. నాకు అంతకంటే పెద్ద ప్రశ్న ఉంది. ఇన్నాళ్ళ తర్వాత, వేరే దేశంలో, సోఫీకి ఎందుకు అబద్ధం చెప్పాలి? భయమా? ఆమె పోలీసు కాదు. డబ్బు కోసమా? ఆమె దగ్గర లాగడానికేం లేదు. క్షమాపణ కోసమంటే, కథ విన్నాక ఆమే అంటుంది, నువ్వు డాక్టరు మాట ఒప్పుకుని ఉండాల్సింది అని. అంటే నిజం చెప్పినా మన్నించేదే! అబద్ధం చెప్పి సంపాదించుకుందామనుకున్నది అతనికి నిజం చెప్తేనే దొరికేది. అయినా నోరు విప్పలేదు, కర్ర ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. డబ్బా మీద పడిన ఆ దెబ్బలో కొంచెం ఉక్రోషం కూడా ఉందని నాకనిపిస్తుంది.

అందుకే నేను చివరి నుంచి మొదటికి వెళ్ళాను. ఆకాశ్ అబద్ధం హత్యతో మొదలవలేదు. ఎవరూ బెదిరించకముందే, ఎవరూ అడగకుండానే, హాయిగా చూపున్న మనిషి లెన్సులు పెట్టుకుని గుడ్డివాడయ్యాడు. ఏకాగ్రత కోసమన్నది అతను చెప్పే కారణం. నేను నమ్మను. కళ్ళు మూసుకుని వాయించుకోవచ్చుగా?

నాకు తెలిసిన కారణం ఇంకోటి. కోర్టు హాల్లో స్టెనో ఉన్నట్టు ఎవరికీ గుర్తుండదు. బల్ల, కుర్చీ, స్టెనో. జడ్జిగారు లోపలికి వెళ్ళగానే లాయర్లు నా ముందే బేరాలు మాట్లాడుకునేవారు. బయట వరండాలో బద్ధశత్రువులైన అన్నదమ్ములు నా బల్ల పక్కన నిలబడి ‘మధ్యాహ్నం భోజనం ఎక్కడ్రా’ అని ఒకర్నొకరు అడిగేవారు. నేను తల వంచుకుని కాగితాలు సర్దుతున్నట్టు ఉండేదాన్ని. ఎవరూ చూడట్లేదనుకున్నప్పుడు మనుషులు ఎలా ఉంటారో చూడటంలో ఒక రుచి ఉంది. ఒకసారి మరిగితే వదలదు. ఆకాశ్ మరిగింది ఆ రుచే. శవం పక్కన వాయిద్యం ఇంకా బాగున్నది అందుకే. భయపడ్డాడు, నిజమే, కానీ లోపల ఎక్కడో ఆ సీటు అతనికి నచ్చింది. యూరప్‌లో చూపు తిరిగొచ్చాక కూడా నల్లద్దాలు తీయకపోవడానికి డబ్బో చప్పట్లో కారణమైతే కావచ్చు. నా లెక్కలో మాత్రం, చూసేవాడిగా ఉండి చూడబడకుండా ఉండే ఆ సౌకర్యాన్ని అతను వదులుకోలేడు. సోఫీకి నిజం చెప్పడమంటే ఆ సీటు ఖాళీ చెయ్యడమే.

సిమి సంగతి దీనికి పూర్తిగా వేరు. ఆవిడకి దాపరికం తక్కువ. మొదట్లో ఎండ్రకాయలు వండుతూ, ముందు ఫ్రిజ్‌లో పెడితే అవి నిద్రలోకి జారుకుంటాయి, అప్పుడు మరిగే నీళ్ళలో వెయ్యాలి అని మొగుడికి చెప్తుంది. ఆవిడ గురించి తెలియాల్సిందంతా ఆ వంటింట్లోనే అయిపోయింది. పైఅంతస్తు నుంచి పక్కింటావిణ్ణి తోసేటప్పుడు కూడా ఆ ముఖంలో కోపం ఉండదు, పని పూర్తి చేస్తున్న తీరు ఉంటుంది. దుర్మార్గురాలే, కానీ మొత్తం సినిమాలో మాట మార్చనిది ఆవిడే అనిపించింది నాకు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. విషం వల్ల పోయిన చూపు కార్నియా మారిస్తే వస్తుందా? అలాంటి విషాలు సాధారణంగా దెబ్బతీసేది కంటి నరాన్ని, పైపొరని కాదు. ఫ్రాన్స్‌లో తీసిన ఒక పొట్టి సినిమా నుంచి ఊహ తీసుకుని ఇంత పొడుగు కథ అల్లారు. ఆ సాగతీత ఆస్పత్రి ఘట్టాల్లో తెలుస్తుంది. జాతీయ అవార్డుల్లో ఉత్తమ హిందీ చిత్రం, ఉత్తమ నటుడు వచ్చాయి, నటుడి అవార్డు విక్కీ కౌశల్‌తో కలిపి. నన్నడిగితే టబుకీ ఇచ్చి ఉండాల్సింది.

మన తెలుగులో దీన్నే 2021లో ‘మాస్ట్రో’గా తీశారు, నితిన్, తమన్నా, నభా నటేశ్. కథని గోవాకి మార్చారు. చూడదగ్గ సినిమానే, తమన్నా కష్టపడింది. కానీ నితిన్ ముఖంలో నాకు మంచివాడే కనిపించాడు, వాడు మనల్ని మోసం చేస్తున్నాడేమో అన్న అనుమానం ఒక్కసారీ కలగలేదు. ఈ కథకి ప్రాణం ఆ అనుమానమే. హిందీ వచ్చినా రాకపోయినా సబ్‌టైటిల్స్ పెట్టుకుని అసలుదే చూడండి, పిల్లల్ని పడుకోబెట్టాక. రెండోసారి చూసేటప్పుడు పియానో సీన్లో శవాన్నీ సూట్‌కేసునీ వదిలేసి ఆయుష్మాన్ కనురెప్పలే చూడండి. నా మాట తప్పనిపిస్తే మా వాడి పక్షాన చేరిపోవచ్చు, వాడికి తోడు కావాలి.