బైనాక్యులర్స్: పది వేలవా, పాతిక వేలవా, రెండు లక్షలవా? చెన్నైలో ఏది మేలు?

వలస పక్షులు దిగే కాలం దగ్గరపడిందంటే చాలు, ఇదే ప్రశ్న. "అన్నా, పది వేల లోపుది సరిపోతుందా, లేక అప్పు చేసైనా మంచిది కొనేయమంటావా?" అని వేళచ్చేరి నుంచి, పెరంబూరు నుంచి, అంబత్తూరు నుంచి మనవాళ్లు అడుగుతూనే ఉన్నారు. అడిగేవాళ్లంతా 8×42 అంటే ఏమిటో, పోరో ప్రిజమ్‌కీ రూఫ్ ప్రిజమ్‌కీ తేడా ఏమిటో తెలిసినవాళ్లే. అందుకని ఆ ఓనమాలు ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తాను: 8 అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, 42 అంటే ముందు లెన్సు వెడల్పు మిల్లీమీటర్లలో. ప్రిజమ్ అంటే బొమ్మని నిటారుగా తిప్పే లోపలి గాజు ముక్క. పోరోలో గొట్టాలు మెట్టులా వంకరగా ఉంటాయి, రూఫ్‌లో తిన్నగా ఉంటాయి.

పోటీ మూడు రకాల మధ్య. నికాన్ ఆక్యులాన్, ఒలింపస్ డీపీఎస్ లాంటి పోరోలు పది వేలకి అటూ ఇటూగా దొరుకుతాయి. నికాన్ మోనార్క్ ఎం5 లాంటి రూఫ్‌లు పాతిక, ముప్పై వేలు. ఆపైన స్వరోవ్‌స్కీ ఎన్.ఎల్. ప్యూర్, జైస్ విక్టరీ ఎస్.ఎఫ్. లాంటివి రెండు లక్షలు దాటుతాయి.

ముందు చవక పోరోకి దక్కాల్సిన న్యాయం దక్కాలి. పోరో ప్రిజమ్‌లో వెలుతురు గాజు లోపలే పూర్తిగా పరావర్తనం చెందుతుంది. చాలా రూఫ్‌లలో అలా కాదు, ఒక ముఖానికి అద్దం పూత వేయాలి, పైగా బొమ్మ స్పష్టత తగ్గకుండా చూసే ఫేజ్ కోటింగ్ అనే పూత కూడా ఉండాలి. ఆ రెండూ సరిగ్గా వేయాలంటే ఖర్చవుతుంది. అందుకే పది వేల లోపు ధరలో పోరో చూపించే బొమ్మ ముందు అదే ధర రూఫ్ వెలవెలబోతుంది. దొరవారిసత్రంలో దిగి నేలపట్టు పక్షుల అభయారణ్యానికి వెళ్లి ఆక్యులాన్‌తో గూడబాతుల్ని (పెలికాన్లని) చూడండి. పై ముక్కు పొడవునా ఉన్న చుక్కలు, గొంతు కింద వేలాడే సంచి, గూట్లో పిల్లల కదలిక, అన్నీ కనిపిస్తాయి. అంచుల్లో కాస్త మసక ఉంటుంది, అంతే. మన పక్షి నడుమనే ఉంటుంది కదా, దాంతో పెద్ద ఇబ్బంది లేదు.

మరి అదే కొనుక్కోమంటానా? అనంతపురంలో ఉన్నవాళ్లకైతే వెంటనే సరే అంటాను. చెన్నైలో మాత్రం అనలేను. ఇక్కడ ఏది కొనాలో తేల్చేది గాజు నాణ్యత కాదు, ఊరి గాలి. గొడవంతా అక్కడే ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఈ చవక పోరోలకి లోపలికి గాలి పోకుండా సీలు ఉండదు. ఫోకస్ చక్రం తిప్పినప్పుడల్లా కంటి వైపు గొట్టాలు ముందుకీ వెనక్కీ జరుగుతాయి. జరిగిన ప్రతిసారీ బయటి గాలిని కొంచెం లోపలికి పీల్చుకుంటాయి. ఇక్కడి ఈశాన్య రుతుపవనాల కాలం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వలస పక్షులు వచ్చేదీ అప్పుడే. అంటే మీరు బైనాక్యులర్స్ ఎక్కువగా వాడే నెలల్లోనే గాలిలో తేమ విపరీతంగా ఉంటుంది. తేమ 70 శాతం పైన నిలకడగా ఉంటే గాజు మీద ఫంగస్ పట్టడానికి అనువుగా ఉంటుంది. మొదట ఏమీ తెలియదు. బొమ్మ కొంచెం పాలిపోయినట్టు అనిపిస్తుంది, లెన్సు బయట తుడిచినా పోదు. అప్పుడు ఫోన్ టార్చి వెలిగించి పెద్ద లెన్సు వైపు నుంచి వాలుగా కొట్టండి, లోపల సాలెగూడు దారాల్లా సన్నని తెల్లని గీతలు మెరుస్తాయి. మా పెదనాన్నగారి అబ్బాయి పోరోని తోలు సంచీలోనే ఉంచి బీరువాలో దాచాడు. తోలు తేమని పట్టి ఉంచుతుందని అతనికి తెలియదు. ఒక్క వానాకాలం గడిచేసరికి కుడి గొట్టమంతా ఈ గీతలే. విప్పి శుభ్రం చేయించవచ్చు, కానీ ఫంగస్ ముదిరితే గాజు పైపూతని తినేస్తుంది, ఆ మచ్చ ఇక పోదు. విప్పినవాడు రెండు గొట్టాల చూపునీ తిరిగి ఒక్క తీరున కలపగలగాలి. లేకపోతే పది నిమిషాలు చూసేసరికి తలనొప్పి మొదలవుతుంది.

నైట్రోజన్ నింపి, రబ్బరు రింగులతో మూసేసిన రూఫ్‌లో ఈ బెడద లేదు. ఫోకస్ కదలికంతా లోపలే జరుగుతుంది, బయటి గాలి చొరబడదు. బయటి గాజు మీద ఫంగస్ రావచ్చు, కానీ అది మీ చేతికి అందుతుంది, తుడిచేయవచ్చు. ఈ రక్షణ కోసం రెండు లక్షలు పెట్టక్కర్లేదు. మోనార్క్ ఎం5లో ఉంది, అంతకన్నా తక్కువ ధర ప్రోస్టాఫ్ పీ3లోనూ ఉంది. చెన్నైలో నేను గీసే గీత ఇదే: సీలు లేనిది ఎంత చవకైనా వద్దు, సీలు ఉన్నవాటిలో మీ జేబుని బట్టి ఎంచుకోండి.

కళ్లద్దాలు ఉన్నవాళ్లకి ఇంకో లెక్క ఉంది. అద్దాలు తీయకుండా పూర్తి బొమ్మ కనిపించాలంటే కంటికీ ఐపీస్‌కీ (కంటి వైపు లెన్సుకీ) మధ్య కనీసం 15, 16 మిల్లీమీటర్ల ఎడం కావాలి. 8×42 ఆక్యులాన్‌లో అది 12 మాత్రమే. ఎం5లో 19.5. అద్దాలతో ఆక్యులాన్‌లోంచి చూస్తే చుట్టూ నల్లగా కోసుకుపోయి, చిన్న గుండ్రం మిగులుతుంది. ఇదొక్కటి చాలు, అద్దాలవాళ్లు చవక పోరోని పక్కన పెట్టడానికి.

రెండు లక్షలవి ఏమిస్తాయి? అబద్ధమెందుకు, చాలానే ఇస్తాయి. అడయారు మొగ దగ్గర ఒక మిత్రుడి ఎన్.ఎల్. ప్యూర్‌తో నీటికాకుల్ని చూశాను. తెల్లటి ఆకాశం ముందు నల్లటి పక్షి అంటే ఏ గాజుకైనా కఠిన పరీక్షే. చవకవాటిలో రెక్క అంచు వెంట ఊదారంగు గీత తేలుతుంది, ఇందులో దాదాపు లేదు. వెయ్యి మీటర్ల దూరాన ఎం5 8×42 చూపించే వెడల్పు 112 మీటర్లయితే, ఎన్.ఎల్. ప్యూర్ 8×42 చూపించేది 159 మీటర్లు. ఎగిరే గుంపుని వెంటాడేటప్పుడు ఆ తేడా గట్టిగా తెలుస్తుంది. ఎం5లో నాకు నచ్చనిది ఈ ఇరుకే, ఆ విషయంలో కొంచెం ఎక్కువ పెట్టి ఎం7 తీసుకోవడం మేలు. అది 145 మీటర్లు చూపిస్తుంది. సూర్యుడికి ఎదురుగా చూసేటప్పుడు బొమ్మ మీద తెల్లటి తెర కమ్మకపోవడం కూడా ఖరీదువాటి గొప్పే.

అయితే అమ్మేవాళ్లు అన్నిటికన్నా ముందు చెప్పేది వెలుతురు. అక్కడ నాకు పట్టింపు లేదు. 8×42 ఏ ధరదైనా కంటికి చేరే కాంతి పుంజం వెడల్పు 42ని 8తో భాగిస్తే వచ్చేదే, 5.25 మిల్లీమీటర్లు. ఎం5 లాంటి దానికీ అన్నిటికన్నా ఖరీదైనదానికీ వెలుతురులో ఉండే కొద్ది శాతం తేడాని కన్ను పెద్దగా పసిగట్టదు. పైగా వయసు పెరిగేకొద్దీ చీకట్లో కంటిపాప విచ్చుకోవడమే తగ్గుతుంది. సాయంత్రం పళ్లికరణై చిత్తడి నేలలో మసక వెలుతురులో చూడాలని రెండు లక్షలు పోయనక్కర్లేదు.

మిగతా రకాల గురించి రెండు ముక్కలు. జూమ్ బైనాక్యులర్స్ వద్దు, ఏ జూమ్‌లోనూ సరిగ్గా చూపించవు. 8×25 చిన్నవి ప్రయాణాలకి ఫరవాలేదు, ఏకైక జతగా వద్దు. 10×42 కావాలంటే చేతి వణుకు కూడా పది రెట్లవుతుందని గుర్తుంచుకోండి.

కొట్లో ఏది తీసుకున్నా ఒక పరీక్ష చేయండి. ఎదురు మేడ పిట్టగోడ అంచు మీద ఫోకస్ చేసి, బైనాక్యులర్స్‌ని కళ్ల నుంచి మెల్లగా జానెడు దూరం జరపండి. రెండు గుండ్రాల్లోనూ ఆ అంచు ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి పైకీ ఒకటి కిందకీ ఉంటే వేరే జత అడగండి. చవకవాటిలో ఒకే మోడల్‌కి జతకీ జతకీ తేడా ఎక్కువ.

చేతిలో నిజంగా రెండు లక్షలుంటే నేను చేసేది వేరు. ముప్పై, నలభై వేలకి ఎం7 తీసుకుని, మిగిలిన దాంట్లోంచి 60 మిల్లీమీటర్లో 65 మిల్లీమీటర్లో ఉన్న స్పాటింగ్ స్కోపు (ఒక కంటితో చూసే చిన్న టెలిస్కోపు), గట్టి ట్రైపాడ్ కొంటాను. సూళ్లూరుపేట లోకల్ ఎక్కి పులికాట్ వెళ్లినవాళ్లకి ఇది అర్థమవుతుంది. సరస్సు మీద ఫ్లెమింగోల బారు ఎంత దూరాన ఉన్నా ఫ్లెమింగోలే, వాటికి ఏ గాజైనా సరిపోతుంది. కానీ బురదలో పరుగులు తీసే చిన్న ఉల్లంకి పిట్టల్లో లిటిల్ స్టింట్ ఏదో, టెమ్మింక్స్ స్టింట్ ఏదో చెప్పాలంటే కాళ్ల రంగు కనబడాలి. మొదటిదానికి నలుపు, రెండోదానికి పసుపుపచ్చ. దూరాన ఉన్న గుంపులో ఎనిమిది రెట్ల బైనాక్యులర్స్ ఎంత ఖరీదైనవైనా ఆ రంగు పట్టివ్వవు. ఇరవై, ముప్పై రెట్ల స్కోపు పట్టిస్తుంది. అంతకు మించి పెంచినా లాభం లేదు, ఎండెక్కాక నీళ్ల మీది వేడిగాలి బొమ్మని ఆడిస్తూనే ఉంటుంది, కాబట్టి ఎనిమిదింటి లోపే బురదగట్టు దగ్గర ట్రైపాడ్ దింపేయండి.