మంచుకొండ మీద అప్పగింతలు

పోయిన ఏడాది జనవరిలో స్కీ స్కూల్ (మంచు మీద జారడం నేర్పే బడి) అయ్యాక మా బాబును గదికి తెచ్చి బూట్లు విప్పుతుంటే సాక్సులు పొడిగా తగిలాయి. పొద్దున తొమ్మిది నుంచి మూడింటి దాకా క్లాసు. వాడికి అప్పుడు మూడున్నరేళ్ళు. రోజంతా మంచులో ఆడిన పిల్లవాడి ప్యాంటు అంచు కూడా తడవలేదు. మిట్టెన్లు (బొటనవేలికి తప్ప మిగతా వేళ్ళన్నిటికీ ఒకటే చోటుండే చేతి తొడుగులు) పొద్దున నేను మడిచి పెట్టినట్టే జేబులో ఉన్నాయి. "చాలా బాగా చేశాడు" అని చెప్పి, హెల్మెట్ మీద స్టిక్కర్ అంటించి మరీ పంపారు. వాడినే అడిగాను. "నేను లోపలే ఉన్నానమ్మా, టీవీ చూశాను" అన్నాడు. మర్నాడు వెళ్ళి అడిగితే అసలు సంగతి బయటపడింది. బయటికి తీసుకెళ్ళగానే ఏడ్చాడు, ఓదార్చే తీరిక ఎవరికీ లేక లోపల కూర్చోబెట్టారు. మూడున్నరేళ్ళ వాడు ఏడుస్తాడు, అది నాకు తెలుసు. మాకు ఒక్క ఫోన్ చేయకపోవడం, పైగా బాగా చేశాడని చెప్పి పంపడం, ఇవి మాత్రం ఇప్పటికీ మింగుడు పడలేదు.

అదే ట్రిప్పులో ఎనిమిది నెలల పాపను డేకేర్‌లో పెట్టాం. స్కీ స్కూల్ ఊరికి ఈ చివర, డేకేర్ ఆ చివర, మధ్యలో షటిల్ బస్సు. ఇద్దరినీ దింపేసరికి పదిన్నర అయింది. పన్నెండుకల్లా పాపకు పాలివ్వడానికి మళ్ళీ పరుగు. మా ఆయనా నేనూ కలిసి మంచు మీద నిలబడింది గంట లోపే.

అందుకే ఈ ఏడాది కొలరాడోలోని సమ్మిట్ కౌంటీకి వెళ్ళేముందు కొండ పైకి ఎక్కించే లిఫ్టులు ఎన్ని, మంచు ఎంత అనేవి పక్కన పెట్టి, పిల్లల్ని అప్పగించే చోటు ఎలా ఉంటుందో ముందు చూశాం. పోయినసారి రిసార్ట్ పేరు రాయను. ఈసారి పిల్లల్ని చేర్చిన స్కూలు, డేకేర్ పేర్లూ రాయను. ఒకే స్కూల్లో ఒక టీచర్ బంగారంలా ఉంటారు, పక్క గుంపు టీచర్ అలా ఉండకపోవచ్చు. సీజన్ మారితే మనుషులు కూడా మారతారు. కొండల పేర్లు, ఊళ్ళ పేర్లు రాస్తాను, అవి మారవు.

బుక్ చేసేముందు నాలుగు చోట్లకు ఫోన్ చేశాను. ఈ వయసు పిల్లలకు ఒక ఇన్‌స్ట్రక్టర్ దగ్గర ఎంతమంది ఉంటారు, స్కూలూ డేకేరూ ఒకే బిల్డింగ్‌లో ఉన్నాయా అని అందరినీ అడిగాను. అసలు అడగాల్సింది ఇంకొకటి ఉంది: పిల్లవాడు ఏడుపు ఆపకపోతే మీరేం చేస్తారు? ఒకరు "మా దగ్గర పిల్లలు ఏడవరండీ" అన్నారు. అక్కడికక్కడే ఆ పేరు కొట్టేశాను. ఇద్దరు వెబ్‌సైట్ చూడమన్నారు. నాలుగో ఆవిడ మాత్రం కాసేపు ఆగి, "పదిహేను నిమిషాలు మేమే చూస్తాం. తగ్గకపోతే మీకు ఫోన్ చేస్తాం. మీరు వచ్చి వాడికి కనబడాలా వద్దా అనేది అప్పుడు కలిసి అనుకుందాం" అంది. అక్కడే చేర్చాం.

ఇక ఎత్తు సంగతి. పోయినసారి విమానం దిగి నేరుగా పైకి వెళ్ళిపోయాం. ఆ రాత్రి పాప రెండుసార్లు వాంతి చేసుకుంది, పాలు పట్టలేదు, తెల్లవార్లూ చిరాకు పడుతూనే ఉంది. జలుబు అనుకున్నాం. మాటలు రాని పిల్లల్లో ఎత్తు పడకపోవడం ఇలాగే కనబడుతుందని డాక్టర్ తర్వాత చెప్పారు. విమానం దిగే డెన్వర్ 5,280 అడుగుల ఎత్తున ఉంది. పైన మేము వెళ్ళే ఊళ్ళలో ఫ్రిస్కో 9,000 దాటుతుంది, బ్రెకెన్‌రిడ్జ్ ఊరే 9,600. ఒక్క పూటలో అంత ఎక్కడం పెద్దవాళ్ళకే తలనొప్పి. అందుకని ఈసారి మొదటి రాత్రి డెన్వర్‌లోనే పడుకున్నాం, పైకి వెళ్ళిన రోజు ఏ క్లాసూ పెట్టుకోలేదు, గంటగంటకూ ఏదో ఒకటి తాగించాం. రాత్రి పాప ఒక్కసారి లేచింది అంతే. ఒక రోజు వృథా అయిందని మా ఆయనకు కొంచెం బాధ ఉండేది. రాత్రంతా ఇద్దరం నిద్రపోయాక ఆ మాట ఎత్తలేదు.

డెన్వర్ నుంచి పైకి దారి ఐ-70 హైవే. శనివారం పొద్దున పైకి, ఆదివారం మధ్యాహ్నం కిందికి బండ్లు బారులు తీరతాయి. మేము ఆదివారం మధ్యాహ్నం పైకి వెళ్ళాం, అవతలి వైపు బారులు చూసుకుంటూ హాయిగా పోయాం. ఐజెన్‌హోవర్ టన్నెల్ 11,000 అడుగుల పైన ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి పాప చెవులు పట్టుకుంది, పాల సీసా నోట్లో పెడితే తగ్గింది. అద్దె కారు తీసుకునేవాళ్ళు టైర్లు ఎలాంటివో అడగండి. సెప్టెంబర్ 1 నుంచి మే 31 దాకా ఈ హైవే మీద మారిసన్, డాట్‌సెరో మధ్య మంచుకు పనికొచ్చే టైర్లో, గొలుసులో, ఫోర్ వీల్ డ్రైవో ఉండి తీరాలి.

బసకు వస్తే, మొదటి మూడు రాత్రులు ఫ్రిస్కోలో, తర్వాత రెండు రాత్రులు కొండ అడుగున ఉన్నాం. ఫ్రిస్కో చిన్న ఊరు, మెయిన్ స్ట్రీట్ అంతా నడిచి తిరగొచ్చు, గదికి వంటిల్లు ఉంది, ఖర్చు తక్కువ. సమ్మిట్ స్టేజ్ అనే ఉచిత బస్సు చుట్టుపక్కల స్కీ రిసార్టులైన కీస్టోన్‌కీ, బ్రెకెన్‌రిడ్జ్‌కీ, కాపర్‌కీ తిరుగుతుంది. మంచి సదుపాయమే. కానీ చంకలో ఒక పాప, చేతిలో ఒక బాబు, భుజాన రెండు జతల స్కీలు, సంచిలో డైపర్లు పెట్టుకుని చలిలో బస్సు కోసం నిలబడితే తెలుస్తుంది. నా అభిప్రాయం ఒక్కటే. రెండేళ్ళ లోపు పిల్లలుంటే దూరంగా ఐదు రాత్రులు ఉండేకంటే కొండ అడుగున రెండు రాత్రులు ఉండడం మేలు. మధ్యాహ్నం పాప నిద్రకు గది పది నిమిషాల నడకలో ఉంటే ఆ రోజు నిలబడుతుంది.

కీస్టోన్‌లో నాకు బాగా నచ్చినవి చిన్న ఎర్ర బండ్లు. చేత్తో లాక్కుపోయే బండ్లు, రిసార్ట్‌వాళ్ళే పెట్టారు. స్కీలు, హెల్మెట్లు, పిల్లవాడు అన్నీ అందులో వేసి లాక్కుపోవడమే. గొండోలాలో, అంటే తీగ మీద పోయే గది లాంటి లిఫ్టులో, డర్కమ్ కొండ పైకి వెళితే, 11,600 అడుగుల ఎత్తున మంచుతో కట్టిన కోట ఉంది. స్కీ రాని పిల్లలకూ అక్కడ పొద్దు గడుస్తుంది. రెండు రాత్రులు వాళ్ళ బసలో ఉంటే 12 ఏళ్ళు, ఆ లోపు పిల్లలకు స్కీయింగ్ ఉచితం అనే పథకం గురించి చాలామంది అడుగుతారు. అది లిఫ్ట్ టికెట్‌కే, పాఠాలకు కాదు. చిన్నపిల్లల క్లాసు ఫీజులో లిఫ్ట్ చాలాచోట్ల కలిసే ఉంటుంది. కాబట్టి రోజూ క్లాసుకు పంపేవాళ్ళకు ఆ పథకంతో మిగిలేది పెద్దగా ఉండదు.

బ్రెకెన్‌రిడ్జ్ ఊరు మూడింటిలో అందమైనది. ఊళ్ళోంచి పీక్ 8 అనే కొండ దాకా గొండోలా ఉచితం, పిల్లలకు అదే ఒక ఆట. కానీ ఎనిమిదిన్నరకు క్లాసు దగ్గర ఉండాలంటే పార్కింగ్, గొండోలా లైను, పైన మళ్ళీ నడక, అన్నీ లెక్కేసుకోవాలి. సాయంత్రం షికారుకు వెళ్ళాం, బాగుంది. కాపర్‌లో కొండే పిల్లల వైపు ఉంది. పడమర వైపు వాలు మెల్లనిది, తూర్పుకు పోయేకొద్దీ నిటారు. కొత్తవాళ్ళ మధ్యకు వేగంగా వచ్చేవాళ్ళు తక్కువ. రెండో ఏడాది నేర్చుకునే పిల్లలకు ఇది ఎంత ధైర్యమో చూస్తేగానీ తెలియదు.

బూట్లు ముందురోజు సాయంత్రమే తీసుకోండి. పొద్దున రెంటల్ షాపులో లైను చూస్తే గుండె జారుతుంది. స్కీ బూటు సైజు పాదం పొడవును బట్టి సెంటీమీటర్లలో ఉంటుంది. కాగితం మీద పాదం గీసి కొలిచి తీసుకెళ్ళాను, అరనిమిషంలో తేలిపోయింది. సాక్సులు ఒక్క జతే, పల్చటివి, ఉన్నివి. చలి కదా అని రెండు జతలు వేస్తే బూటు బిగుసుకుపోయి కాలు ఇంకా చల్లబడుతుంది. పోయినసారి నేను చేసిన పొరపాటు అదే.

క్లాసు మొదటి రోజు పది నలభైకి ఫోన్ మోగింది. అదే స్కూలు నంబర్. "మీవాడు ఏడుస్తున్నాడు, పావుగంట అయింది. మంచంటే భయం కాదు, మిట్టెన్‌లో బొటనవేలు దాని చోట్లో దూరలేదు, చెప్పడం రాక ఏడుస్తున్నాడు. సరిచేశాను. మీరు రావొద్దు, ఇంకో పావుగంట చూద్దాం" అంది ఇన్‌స్ట్రక్టర్. మేము కంచె అవతల చెట్టు చాటు నుంచి చూశాం. ఆమె మంచులో మోకాళ్ళ మీద కూర్చుని వాడి కళ్ళకు కళ్ళు కలిపి మాట్లాడుతోంది. హెల్మెట్ ముందు టేపు మీద పేరు రాసి ఉంది. స్కీల ముక్కులు రెంటినీ కలుపుతూ ఒక రబ్బరు క్లిప్పు, అవి విడిపోకుండా. కన్వేయర్ బెల్టులా నెమ్మదిగా పైకి పోయే మ్యాజిక్ కార్పెట్ మీద ఐదుగురు పిల్లలు వరసగా నిలబడ్డారు, మావాడు చివర. పైన దిగాక ఆమె వెనక్కి స్కీ చేస్తూ, చేతులు చాపి, "పిజ్జా! పిజ్జా!" అంటోంది. స్కీల ముక్కులు దగ్గరకు తెచ్చి మడమలు దూరం చేస్తే పిజ్జా ముక్క ఆకారం, అదే బ్రేకు. తిన్నగా పెడితే ఫ్రెంచ్ ఫ్రైస్, అప్పుడు వేగం. వాడు పిజ్జా పెట్టాడు, ఆగాడు, ఆగినందుకు తనే ఆశ్చర్యపోయి వెనక్కి కూలబడ్డాడు. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

సాయంత్రం సాక్సులు తడిసి ముద్దయ్యాయి. ఆ తడి సాక్సులు పిండుతూ నాకు కలిగిన సంతోషం చెప్పలేను.

మూడేళ్ళు నిండితే చాలాచోట్ల స్కీ స్కూల్లో చేర్చుకుంటారు, డైపర్ మానేసి ఉండాలని కూడా అడుగుతారు. చేర్చుకుంటారు కదా అని చేర్చేయకండి. మూడేళ్ళ పిల్లలకు పూర్తి రోజు చాలా ఎక్కువ, సగం పూట దొరికితే అదే తీసుకోండి, దొరక్కపోతే మధ్యాహ్నమే వెళ్ళి తెచ్చుకోండి. డబ్బులు కట్టాం కదా అని సాయంత్రం దాకా ఉంచితే మర్నాడు బూటు వేయనివ్వరు. మావాడికి నాలుగున్నర వచ్చాక కూడా మూడో రోజు మధ్యాహ్నం తెచ్చేశాం. ఇంట్లోవాళ్ళమే నేర్పుదాం అనుకునేవాళ్ళకు ఒక మాట: మేమూ ఒక పూట ప్రయత్నించాం. నాన్న చెబితే వాడు ఎత్తుకోమంటాడు. అదే మాట టీచర్ చెబితే చేస్తాడు.

డేకేర్ మాట. స్కీ స్కూల్ కంటే ముందు నిండిపోయేది ఇదే, పసిపిల్లలకు చోట్లు మరీ తక్కువ. కొన్ని రిసార్టుల్లో డేకేరే ఉండదు, ఉన్నచోట కూడా ఈ సీజన్‌లో నడుస్తోందా అని ఫోన్ చేసి కనుక్కోవాలి. టీకాల రికార్డు, డాక్టర్ సంతకం చేసిన ఆరోగ్య పత్రం లేకపోతే లోపలికి రానివ్వరు. మాకు పత్రం మీద తేదీ పాతదని ముందు వారమే ఫోన్ చేసి చెప్పారు, లేకపోతే గుమ్మం దగ్గర ఆగిపోయేవాళ్ళం. సన్‌స్క్రీన్ రాయడానికి కూడా మన సంతకం కావాలి. డాక్టర్ రాసిస్తే తప్ప మందు చుక్క వేయరు. మొదట చాదస్తం అనిపించింది, పాపను చేతుల్లో పెట్టి వెనక్కి తిరిగేటప్పుడు మాత్రం ఆ చాదస్తమే ధైర్యం. సన్‌స్క్రీన్ తేలిగ్గా తీసుకోకండి. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే అతినీల లోహిత కిరణాలు 10 శాతం పైన పెరుగుతాయి, కొత్త మంచు వాటిలో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. బాబుకు గడ్డం కింద కమిలింది, అక్కడ రాయాలని నాకు తోచనే లేదు.

పాప మొదటి రోజు నా మెడ వదల్లేదు. లోపలి టీచర్ తొందర పెట్టలేదు. పాపను తీసుకుని కిటికీ దగ్గరకు వెళ్ళి, బయట మంచు తోసే పసుపు బండిని చూపించింది. పాప ఒక చేత్తో నన్ను పట్టుకునే బండి వైపు వేలు పెట్టింది. "ఇప్పుడు చెప్పి వెళ్ళండి, చెప్పకుండా వెళ్ళకండి" అంది ఆమె. చెప్పాను, ఏడ్చింది, తలుపు మూసుకుంది. సాయంత్రం చేతికి ఒక చీటీ ఇచ్చారు: ఏడుపు ఆరు నిమిషాలు, పాలు ఎప్పుడు, డైపర్ ఎన్నిసార్లు, నిద్ర గంటా పది. ఆరు నిమిషాలని రాయడం చూసి కళ్ళు చెమర్చాయి. ఎవరో గడియారం చూస్తూ మా పాపను ఎత్తుకుని ఉన్నారు.

నాకు నచ్చనిదీ ఒకటుంది. రెండో రోజు బాబుకు టీచర్ మారింది, ఆ సంగతి గుమ్మం దగ్గరికి వెళ్ళాకే తెలిసింది. ముందురోజు భయాలు, మిట్టెన్ కథ మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. వరస రోజులు బుక్ చేస్తే అదే టీచర్ ఉంటారా అని అడగాలని నాకు అప్పుడు తెలిసింది. క్రిస్మస్ వారం, ఫిబ్రవరిలో సెలవుతో వచ్చే ప్రెసిడెంట్స్ డే వారాంతం మానుకుని జనవరి మధ్యలో, వారం మధ్యలో వెళితే ఇలాంటివి తక్కువ, గుంపులూ చిన్నవి.

వచ్చే జనవరికి పాపకు రెండేళ్ళ ఎనిమిది నెలలు. స్కీ స్కూల్ వయసు ఇంకా రాదు, మళ్ళీ డేకేరే. టీకాల రికార్డు, ఆరోగ్య పత్రం ఫోటోలు ఫోన్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టాను. బుకింగులు ఎప్పుడు తెరుస్తారో ఫోన్లో మాట్లాడిన ఆ నాలుగో ఆవిడనే అడిగి క్యాలెండర్‌లో రాసుకున్నాను.