కణాల వయసు చెప్పే రక్తపరీక్ష: ఇంట్లో పెద్దవారికి చేయించాలా?

రక్తపరీక్షతో శరీర కణాల వయసు లెక్కగట్టి చెబుతామనే బెంగళూరు ల్యాబ్ ఒకదాని ప్యాకేజీని మా నాన్నగారి కోసం తీసుకున్నాము. డెబ్బై దాటిన ఆయన, అమ్మ పోయాక నెల్లూరు విడిచి మారతహళ్లిలో మా దగ్గరే ఉంటున్నారు.

రక్తం తీసుకునే అబ్బాయి చెప్పిన వేళకే ఇంటికి వచ్చి, తెలుగులో మాట్లాడుతూ నొప్పి తెలియకుండా పని ముగించాడు. ఆ విషయంలో లోటేమీ లేదు.

నా అభ్యంతరం రిపోర్టు గురించి. వారు కొలిచేది తెల్లరక్తకణాల్లోని టెలోమియర్ల సగటు పొడవు. క్రోమోజోముల కొసలను కాపాడే ఈ భాగాలు కణం విభజన చెందేకొద్దీ కురచనవుతాయి. వీటిమీదా, వీటిని తిరిగి పొడిగించే టెలోమరేజ్ ఎంజైము మీదా చేసిన పరిశోధనకే ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, కరోల్ గ్రైడర్, జాక్ షోస్టాక్‌లకు 2009లో నోబెల్ బహుమతి లభించింది. శాస్త్రం గట్టిదే. అయితే ఒకే వయసున్న ఇద్దరు ఆరోగ్యవంతుల మధ్య కూడా ఈ పొడవు బాగా తేడాగా ఉంటుంది, అందులో చాలా భాగం పుట్టుకతో వచ్చినదే, పైగా కొలిచే పద్ధతిని బట్టి కూడా ఫలితం మారుతుంది. అటువంటప్పుడు కొలతలో ఎంత తేడాకు అవకాశముందో చెప్పకుండా, ‘మీ కణాల వయసు’ అంటూ ఒక్క అంకెను పెద్ద అక్షరాలతో అచ్చువేయడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. తన అసలు వయసును మించిన ఆ అంకెను చూసి నాన్నగారు ఆ రాత్రి సరిగా భోంచేయలేదు. టెలోమియర్లు ఎంత పొడవుంటే అంత మేలన్న ధోరణి కూడా సరికాదు. కొన్ని రకాల క్యాన్సర్ల ముప్పు పొడవైన టెలోమియర్లు ఉన్నవారిలోనే ఎక్కువని పరిశోధనలు చూపాయి.

ల్యాబ్ కరపత్రంలో ఘనంగా ప్రస్తావించిన, అమెరికా వైద్యుడు డీన్ ఆర్నిష్ 2013 నాటి అధ్యయనంలో ఆహారం, వ్యాయామం, ధ్యానం, తోటివారి అండ కలిసి అయిదేళ్లలో టెలోమియర్ల పొడవును సుమారు 10 శాతం పెంచినట్టు కనిపించిన మాట నిజమే కానీ, ఆ మార్పులు పాటించిన పురుషులు 10 మందే.

ప్యాకేజీలో నిజంగా విలువైనది డాక్టరుగారితో జరిగిన సంభాషణ. ఆవిడ అంకెను పక్కన పెట్టి, పొగతాగే అలవాటు, నిద్ర, నడక గురించి అడిగాక, “ఇంట్లోవాళ్లు కాక రోజూ ఎవరితో మాట్లాడుతున్నారండీ?” అన్నారు. నాన్నగారి దగ్గర జవాబు లేదు. దీర్ఘరోగంతో ఉన్న పిల్లలను సాకే తల్లులపై 2004లో వచ్చిన అధ్యయనంలో, ఒత్తిడి ఎక్కువగా ఉందన్నవారి టెలోమియర్లు కురచగా కనిపించాయని, అది సంబంధమే తప్ప కారణమని రుజువు కాదని ఓపికగా వివరించారు. ఆవిడ సలహా మీదే నాన్నగారు సాయంత్రాలు పార్కులో చేరే తెలుగు పెద్దల బృందంలో కలిశారు. నడకా, మాటా రెండూ పెరిగాయి.

ఆరు నెలలకు మళ్లీ పరీక్ష చేయించమని ల్యాబ్ వారు అడుగుతున్నారు. అంత తక్కువ వ్యవధిలో వచ్చే మార్పు కొలతలోని తేడాలోనే కలిసిపోతుంది కనుక వద్దన్నాము. డాక్టరుగారి సంప్రదింపును మాత్రం విడిగా ఇస్తే మళ్లీ తీసుకుంటాము.