జుకినీ వేద్దామా, బీరపాదు పెడదామా?

కోనసీమ పెరట్లో ఒక్క మడికే చోటుంటే జుకినీ (కీరదోసలా కనిపించే గుమ్మడి జాతి కూరగాయ), బీర, ఈ రెండిట్లో ఏది వేయాలి? రెండూ పెంచాను కాబట్టి చెబుతున్నా.

ఖర్చు: జుకినీకి విత్తనాలు కొనాలి, పందిరి అక్కర్లేదు, పొదలా ఉంటుంది. బీరగింజలు పక్కింటి పిన్నిగారిస్తారు, పందిరికి మాత్రం వెదుళ్లు, తాడు, ఒక పూట పని.

శ్రమ: జుకినీ పువ్వు తెల్లారుతూనే విచ్చుకుని ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది, తేనెటీగలు రాకపోతే మగపువ్వు కోసి, రేకులు తుంచి, ఆ పసుప్పచ్చ పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మనమే అద్దాలి. బీరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, ఆఫీసు నుంచి వచ్చాక చూసుకోవచ్చు.

రిస్క్: మన ఒండ్రు నేలలో నీళ్లు నిలిస్తే జుకినీ మొదలు కుళ్లిపోతుంది, అందుకే వానలు తగ్గాక ఎత్తు మడి మీదే వేయండి. ఏ కాయైనా చేదుగా ఉంటే పారేయండి, వండినా ఆ చేదు పోదు, కడుపు పాడవుతుంది.

ఇక విరగకాస్తే? జుకినీ జానెడున్నప్పుడే కోయాలి, నాలుగు రోజులు ఊరెళ్లొస్తే సొరకాయంత అవుతుంది. దాన్ని తురిమి, ఉప్పు చల్లి, నీరు పిండేసి పెసరట్టు పిండిలో కలపండి, చాలా బాగుంటుంది. బీరకైతే పప్పు, పాలు పోసిన కూర, తొక్కు పచ్చడి, ముదిరితే ఒళ్లు రుద్దుకునే పీచు. ఏదీ వృథా కాదు.

డాబా, పెద్ద కుండీలు, చలికాలం: జుకినీ.
పెరడు, పందిరి, పంచడానికి వీధి నిండా చుట్టాలు: బీర.