ఇంటి డాబానా, ఊరి శివారా: పట్టణాల సౌర విద్యుత్తుకు రెండు దారులు

నల్లగొండ, మహబూబ్‌నగర్ వంటి పట్టణాలు సౌర విద్యుత్తు వైపు మళ్లాలంటే ఇళ్ల డాబాలపై పలకలు పెట్టించడం ఒక దారి, మున్సిపాలిటీయే శివారున పెద్ద కేంద్రాన్ని నిర్మించడం మరొకటి.

డాబాకు వేరే భూమి అక్కరలేదు. కిలోవాట్‌కు నీడ పడని సుమారు 100 చదరపు అడుగులు చాలు. మన ఎండకు అది రోజుకు సగటున 4 యూనిట్ల దాకా ఇస్తుంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30,000 రూపాయలు, 3 కిలోవాట్లు ఆపైన ఉంటే మొత్తం 78,000 రూపాయల రాయితీ లభిస్తుంది. వాడగా మిగిలిన కరెంటు నెట్ మీటరు ద్వారా గ్రిడ్‌కు వెళ్లి బిల్లులో సర్దుబాటవుతుంది. అయితే ఈ లాభం సొంత ఇల్లు, కొంత పెట్టుబడి ఉన్నవారిదే; కిరాయిదారులకు దక్కేది స్వల్పం. పలకలకు కోతుల బెడద సంగతి సరేసరి.

శివారు కేంద్రానికి మెగావాట్‌కు 4 నుంచి 5 ఎకరాలు కావాలి, విద్యుత్ లైన్లూ వేయాలి. కానీ ఆ కరెంటుతో మున్సిపాలిటీ తాగునీటి పంపులను నడిపి ఖర్చు తగ్గించుకుంటే ఆ మేలు కిరాయి ఇళ్లకూ చేరుతుంది. వీధి దీపాలు వెలిగేది రాత్రి కనుక, పగలు నడపగల పంపులకే ఈ కరెంటు చక్కగా సరిపోతుంది.

దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం పక్కన ఈ రెండూ చిన్నవే. అయినా మున్సిపాలిటీ తన నిధులను పంపులను నడిపే శివారు సౌర కేంద్రానికే కేటాయించడం న్యాయమని నా అభిప్రాయం. డాబాల విషయంలో, కొత్త ఇంటి అనుమతి ఇచ్చేటప్పుడే నీళ్ల ట్యాంకు నీడ పలకలపై పడకుండా చూస్తే చాలు.