రావ్‌సింగ్ ఎవరో చెప్పిన పుస్తకం: డోర్లాండ్స్ మెడికల్ డిక్షనరీతో నా అనుభవం

డోర్లాండ్స్‌లో నాకు నచ్చింది అర్థాలు కాదు. అర్థాలు ఏ మెడికల్ డిక్షనరీలోనైనా ఉంటాయి, ఫోన్‌లో కొడితే ఇంకా తొందరగా దొరుకుతాయి. నాకు నచ్చింది అందులో మాటల్ని పేర్చిన తీరు. చాలామంది తిట్టుకునేది కూడా ఆ తీరునే. కొత్తగా తెరిచినవాళ్లు కావలసింది దొరక్క రెండు నిమిషాల్లో మూసేస్తారు. నేను మాత్రం ఆ ఒక్క కారణానికే ఇన్నేళ్లుగా ఆ రెండు వేల పేజీల బరువును నా టేబుల్ మీంచి కదలనివ్వలేదు.

నా పని ఏమిటో చెబితే గానీ ఇది అర్థం కాదు. హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రి మెడికల్ రికార్డ్స్‌లో చేస్తాను. అంతకుముందు హైదరాబాద్‌లో అమెరికా డాక్టర్ల డిక్టేషన్ విని టైపు చేసే ట్రాన్స్‌క్రిప్షన్ ఉద్యోగం. రెండుచోట్లా పని ఒక్కటే, డాక్టరు నోటితో చెప్పింది తేడా రాకుండా కాగితం మీదికి ఎక్కాలి. స్పెల్లింగ్ ఎవరూ చెప్పరు. ఆపరేషన్ థియేటర్ నుంచి వార్డుకు నడుస్తూ వాయిస్ నోట్ పెడతారు, వెనకాల స్ట్రెచర్ చక్రాల చప్పుడు, ఎవరో సిస్టర్‌ను పిలుస్తున్న కేక. అందులోంచి మనకు కావలసిన మాట ఏరుకోవాలి. డిశ్చార్జి సమ్మరీలో ఒక్క మాట అటూ ఇటూ అయితే ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర్నుంచి క్వెరీ వస్తుంది. బిల్లు ఆగుతుంది, పేషెంటు తరఫువాళ్లు సాయంత్రం దాకా కౌంటర్ దగ్గరే నిలబడాల్సి వస్తుంది. ములుగు నుంచో భూపాలపల్లి నుంచో వచ్చినవాళ్లకైతే ఆఖరి బస్సు టెన్షన్ ఒకటి.

మామూలు డిక్షనరీలో మొదటి మాట మొదటి అక్షరం తెలియాలి. డోర్లాండ్స్‌లో రెండు మూడు మాటల పేర్లన్నీ వెనక ఉన్న నామవాచకం కింద చేరతాయి. ఏ సిండ్రోమ్ అయినా సిండ్రోమ్ కింద, ఏ టెస్ట్ అయినా టెస్ట్ కింద, ఏ సైన్ (డాక్టరు పరీక్షలో కనిపెట్టే జబ్బు గుర్తు) అయినా సైన్ కింద. మనం మనిషిని ముందు ఇంటిపేరుతో పట్టుకుని తర్వాత పేరుకి వచ్చినట్టే. స్టెడ్‌మన్స్ అనే ఇంకో మెడికల్ డిక్షనరీ కూడా ఈ పద్ధతిలోనే పేరుస్తుంది గానీ నా చేతికి అలవాటైంది డోర్లాండ్స్.

ఇది చదువుకునేవాళ్లకు సుత్తిలా అనిపించొచ్చు. చెవితో బతికేవాళ్లకు మాత్రం వరం. ఎందుకంటే డిక్టేషన్‌లో మింగేసేది ఎప్పుడూ మొదటి మాటనే. అది ఏ డేనిష్ సర్జన్ పేరో, ఏ ఫ్రెంచి డాక్టరు పేరో అయ్యుంటుంది, మన డాక్టర్లు దాన్ని ఒక్కొక్కరు ఒక్కో రకంగా పలుకుతారు. వెనకాల వచ్చే సైన్, టెస్ట్, సిండ్రోమ్ మాత్రం స్పష్టంగా వినిపిస్తాయి. వినిపించిన మాట దగ్గర పుస్తకం తెరిచి, కిందికి చదువుకుంటూ పోతే వినిపించనిది దొరుకుతుంది.

మా దగ్గర కొత్తగా చేరిన పరకాల అబ్బాయి ఒక రోజు సాయంత్రం ఇయర్‌ఫోన్స్ తీసి నా వైపు తిరిగాడు.

"అక్కా, రావ్ సింగ్ అని కొత్త డాక్టర్ ఎవరన్న వచ్చిండా మన దగ్గరికి?"

"లేదు తమ్మీ, ఎందుకు?"

"సర్జన్ సారు చెప్తున్నడు, రావ్ సింగ్ సైన్ పాజిటివ్ అని. పాజిటివ్ అంటే ఆయన సంతకం పెట్టినట్టేనా, మనం పోయి పెట్టించుకోవాల్నా?"

నవ్వు ఆపుకుని నేనూ విన్నాను. నిజమే, రావ్ సింగ్ అనే వినిపిస్తోంది. ఆ అబ్బాయి అప్పటికే ఫోన్‌లో తనకు తోచిన స్పెల్లింగులన్నీ కొట్టి చూశాడు. ఒక క్రికెటర్, ఒక రిటైర్డ్ అధికారి, ఏదో ఊళ్లో స్వీట్ షాపు వచ్చాయి గానీ రోగానికి సంబంధించింది ఒక్కటీ రాలేదు.

డోర్లాండ్స్‌లో సైన్ దగ్గర తెరిచాం. వరసగా పేర్లు, ఒక్కోదాని పక్కన రెండు మూడు లైన్ల వివరం. ఆర్ అక్షరానికి వచ్చాక ముందు రాంబర్గ్ కనిపించింది. అది కళ్లు మూసుకుని నిలబడితే మనిషి తూలుతున్నాడా అని చూసే నరాల పరీక్ష, మన కేసుకు పనికిరాదు. ఇంకొంచెం కిందికి పోతే రోవ్‌సింగ్. పొట్ట కింది భాగంలో ఎడమవైపు నొక్కితే కుడివైపు నొప్పి తెలియడం, అపెండిక్స్ వాపుకు గుర్తు. కేస్ షీట్ తిరగేస్తే కుడివైపు కింద నొప్పి, జ్వరం, వాంతులు, స్కానింగ్‌లో అపెండిక్స్ ఉబ్బి ఉంది. అన్నీ సరిపోయాయి. అయినా సర్జన్ గారికి ఫోన్ చేసి అడిగే టైపు చేయించాను, డిక్షనరీ చూపించేది ఎంత దగ్గరగా ఉన్నా మాట ఆయనది కాబట్టి. "అదే, అదే" అన్నారాయన.

తర్వాత ఆ అబ్బాయి ఊరుకోక ఆర్ అక్షరంలో పేరు కూడా వెతికాడు. అక్కడ మనిషి వివరం ఉంటుంది, నీల్స్ థార్‌కిల్డ్ రోవ్‌సింగ్, డెన్మార్క్ సర్జన్, 1862 నుంచి 1927. పక్కనే, సైన్ కింద చూడమని సూచన. అంటే మొదటి మాట తెలిసినవాడు కూడా అటూ ఇటూ రెండుచోట్ల పేజీలు తిప్పాల్సిందే. చదువుకునే పిల్లలకు ఒళ్లు మండేది ఇక్కడే, వాళ్ల కోపంలో న్యాయముంది.

ఇంకో రకం చిక్కు కూడా ఈ పద్ధతి వల్లే తీరింది. థైరాయిడ్ ఆపరేషన్ అయినవాళ్ల నోట్స్‌లో వోస్టెక్ సైన్ అని వస్తూ ఉంటుంది. థైరాయిడ్ వెనకాల అంటుకుని ఉండే చిన్న పారాథైరాయిడ్ గ్రంథులకు ఆపరేషన్‌లో దెబ్బ తగిలితే రక్తంలో కాల్షియం పడిపోతుంది, నరాలు చిన్న తాకిడికే అదురుతాయి. చెవి ముందు బుగ్గ మీద వేలితో తడితే మూతి పక్కకు లాగుతుందా అని చూస్తారు. వి అక్షరం దగ్గర ఎంత వెతికినా ఆ పేరు దొరకదు. ఎందుకంటే దాని స్పెల్లింగ్ సి, హెచ్‌తో మొదలవుతుంది, ఆ రెండూ పలకవు. సైన్ జాబితాలో వివరాలు చదువుకుంటూ పోయేవాడికి అది సి దగ్గరే ఎదురొస్తుంది. పేరు తెలియకపోయినా ఏం చేసి చూస్తారో తెలిస్తే చాలు.

మధ్యలో బరువుకు విసుగొచ్చి ఒక మెడికల్ డిక్షనరీ యాప్‌కు ఏడాది చందా కట్టాను. పేరు చెప్పను, అలాంటివి చాలా ఉన్నాయి. స్పెల్లింగ్ తెలిసినంతసేపు బ్రహ్మాండంగా పనిచేసింది. తెలియనప్పుడు వెతుకుడు డబ్బా ఎదురుగా కూర్చుని దిక్కులు చూడాలి. జాబితాను కిందికి లాక్కుంటూ పోయే వీలే లేదు, ఏది కొడితే అదొక్కటే చూపిస్తుంది. పైగా మా రికార్డ్స్ రూమ్ సెల్లార్‌లో ఉంది, సిగ్నల్ ఉండీ ఉండనట్టుంటుంది. చందా గడువు అయిన రోజు రాత్రి డ్యూటీలో, డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నదంతా తాళం పడిపోయింది. రెన్యూ చేద్దామంటే నెట్ లేదు. పైమెట్ల మీద నిలబడి ఓటీపీ కోసం చూస్తుంటే వాచ్‌మన్ వచ్చి "ఏమైంది మేడమ్, ఇంట్ల అంతా మంచిదేనా?" అని అడిగాడు. మళ్లీ కట్టలేదు.

ఇంత చెప్పాక కొన్ని సంగతులు దాచడం సరికాదు. ఈ జాబితా ఉపాయం రెండు మాటల పేర్లకే. ఒక్క మాటే అయి, దాని మొదటి అక్షరం పలకనిదైతే పుస్తకం కూడా చేతులెత్తేస్తుంది. టోసిస్ అని వింటాం, కనురెప్ప వాలిపోవడం. టి దగ్గర ఎంత వెతికినా రాదు, ముందు పలకని పి ఉంటుంది. ఒకేలా వినిపించే జంటలు ఇంకా ప్రమాదం. ఇలియమ్ అంటే చిన్నపేగు చివరి భాగమూ కావచ్చు, తుంటి ఎముకా కావచ్చు, తేడా ఒక్క అక్షరం. డిస్ఫేజియా అంటే మింగలేకపోవడమూ కావచ్చు, మాట రాకపోవడమూ కావచ్చు. ఇలాంటిచోట డిక్షనరీ రెండూ చూపించి ఊరుకుంటుంది. తేల్చుకోవాల్సింది కేస్ షీట్ చూసే.

పైగా ఇది అమెరికా పుస్తకం. ఎడీమా, ఈసోఫేగస్‌లకు మన డాక్టర్లు బ్రిటిష్ పద్ధతిలో ముందు ఓ రాస్తారు, ఇందులో ఇంగ్లీషు ఈ (E) అక్షరం దగ్గర వెతకాలి. పారాసిటమాల్ అక్కడ ఎసిటమినోఫెన్, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్, సాల్బుటమాల్ ఆల్బ్యుటరాల్, పెథిడిన్ మెపరిడిన్. హైదరాబాద్‌లో అమెరికా పని చేసినప్పుడు ఇదే నాకు కలిసొచ్చింది. ఇక్కడికి వచ్చాక ప్రతిసారీ మనసులో తిప్పుకోవాల్సి వస్తోంది. మన బ్రాండు పేర్లకైతే మందుల పేర్ల పుస్తకం, అంటే డ్రగ్ ఇండెక్స్ ఒకటి పక్కన ఉండాల్సిందే.

పొట్టి మాటల కోసం మాత్రం దీన్ని తెరవను. మన మందుల చీటీలో ఓడీ అంటే రోజుకొకసారి. అమెరికాలో అదే ఓడీ కుడి కన్ను అవుతుంది, లేదంటే ఓవర్‌డోస్. రోజుకు మూడుసార్లు అనడానికి మనం టీడీఎస్ అనేదాన్ని వాళ్లు టీఐడీ అంటారు. ఎంఎస్ సంగతి సరేసరి, మార్ఫిన్ సల్ఫేటా, మెగ్నీషియం సల్ఫేటా అన్న గందరగోళం ప్రాణాల మీదికి తెచ్చేదే. అక్కడ ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో వాడకూడని పొట్టి మాటల జాబితా తెస్తే అందులో ఎంఎస్ కూడా ఉంది. మా దగ్గర ఏ డాక్టరు ఏ పొట్టి మాటను ఏ అర్థంలో వాడతారో ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకున్నాం. ఈ విషయంలో ఏ డిక్షనరీ కన్నా అదే నయం.

నాది 2011లో వచ్చిన 32వ ఎడిషన్. 2020లో రోజంతా టైపు చేసిన కోవిడ్ మాట ఇందులో లేదు, ఉండే వీలూ లేదు. 2019లో వచ్చిన 33వది కూడా ఆ పేరు పెట్టకముందే అచ్చయింది. కొత్త మందులు, కొత్త పరీక్షలు రోజూ తగిలే క్యాన్సర్ విభాగంలో పనిచేసేవాళ్లకు పాత ఎడిషన్ సరిపోదు. జనరల్ సర్జరీ, ఎముకలు, ప్రసూతి ఎక్కువగా వచ్చే మా ఆసుపత్రికి సరిపోతోంది. రోవ్‌సింగ్ ఎడిషన్ ఎడిషన్‌కీ మారడు కదా. ఇక అచ్చు చిన్నది. నలభై దాటాక అద్దాలు లేకుండా ఆ సైన్ జాబితా చదవడం నావల్ల కావడం లేదు.

మా ఆడపడుచు కూతురు నర్సింగ్‌లో చేరినప్పుడు, "అత్తా, నీదే నాకిచ్చెయ్, నువ్వు కొత్తది కొనుక్కో" అంది. ఇవ్వలేదు. నాకు అవసరమని కాదు, తనకు పనికిరాదని. నర్సింగ్ పిల్లలకు టేబర్స్ మెడికల్ డిక్షనరీ మేలు. 1940లో మొదలైనప్పటి నుంచి అది బెడ్ పక్కన పనిచేసేవాళ్లను దృష్టిలో పెట్టుకున్న పుస్తకం, ముఖ్యమైన జబ్బుల దగ్గర పేషెంటును ఎలా చూసుకోవాలో కూడా రాస్తుంది. అంత డబ్బు పెట్టలేకపోతే ఆక్స్‌ఫర్డ్ వాళ్ల చిన్న మెడికల్ డిక్షనరీ ఉంది. బ్రిటిష్ స్పెల్లింగ్, బ్యాగులో పడుతుంది, మాట మొదటి అక్షరం దగ్గరే దొరుకుతుంది. ఎంబీబీఎస్ పిల్లలైతే డోర్లాండ్స్ కొనుక్కోవాల్సిన పనే లేదని నా ఉద్దేశం. వాళ్లు మాటను ముందు టెక్స్ట్‌బుక్‌లో కళ్లతో చూస్తారు, తర్వాతే చెవితో వింటారు. జబ్బులకు, చికిత్సలకు కోడ్‌లు వేసే మెడికల్ కోడింగ్ వైపు వెళ్లేవాళ్లకు కోడ్ పుస్తకాలు ముందు, ఇది తర్వాత.

డిక్టేషన్ విని టైపు చేసే పని అయితే, టేబుల్ మీద చోటుంటే, ఎవరూ ఎత్తుకుపోరనే నమ్మకముంటే కొనండి. కొత్తది ఖరీదు ఎక్కువ. నేను కోఠిలో సెకండ్ హ్యాండ్‌లో, సగం ధర కన్నా తక్కువకే తీసుకున్నాను. అక్కడ కొనేటట్టయితే అట్ట చూసి మోసపోకండి. ముందు ఎస్ అక్షరం, తర్వాత డి, టి తెరిచి చూడండి. సైన్, సిండ్రోమ్, డిసీజ్, టెస్ట్ అక్కడే ఉంటాయి, అందరి వేళ్లూ పడి మొదట ఊడిపోయేవి ఆ పేజీలే. నాకు మొదట చూపించిన కాపీలో సిండ్రోమ్ దగ్గర పేజీలు కొన్ని లేవు. "ఎక్కడో ఒకటి రెండు పోయినయి మేడమ్, మిగతాదంతా కొత్తదే" అన్నాడు షాపు అతను. ఇంకో కాపీ తెప్పించేదాకా డబ్బులివ్వలేదు.